బంతి లేనివాళ్ళని చూసే ఆంటీ

ఆంటీ పోయారన్న కబురు ఆంటీ ఫోన్ నుంచే వచ్చింది. ఆదివారం పొద్దున ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో మా ఫ్లాట్‌లో, చలికాలానికి ఇంకా ఆన్ చేయని రేడియేటర్ మీద తడి సాక్సులు ఆరేస్తున్నాను. యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. పైన 'కోచ్' అన్న పేరు, పక్కన ఆవిడ నవ్వుతున్న ఫోటో. కింద ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: "మీ ఆంటీ తెల్లవారుజామున చనిపోయింది. నిద్రలోనే. మీ అందరికీ చెప్పమంది." రాసింది అంకుల్. ఆ బాధలో ఆయన ఏ భాషలో రాస్తున్నదీ చూసుకున్నట్టు లేదు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకునే మాటే వేళ్ళకి వచ్చేసింది.

ఆ గ్రూపులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళకి అది కోచ్ రాసిన మాటే. ఎవరో బొటనవేలు గుర్తు పెట్టారు, ప్రాక్టీస్ టైము మారిందనుకున్నారేమో. అమ్మాయిల జట్టు కెప్టెన్ హానా నా పేరు పెట్టి, కోచ్ ఏమంటున్నారో చెప్పవా అని అడిగింది. సాక్సు ఒకటి చేతిలోనే ఉంది. టైప్ చేశాను, చెరిపాను, మళ్ళీ చేశాను. చివరికి ఉన్నది ఉన్నట్టు పెట్టాను. నాకు వెంటనే ఏడుపు రాలేదు గానీ, ఆ కబురు అందరికీ అర్థమయ్యేలా చేసింది నేనే కదా అని ఆ రోజంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మీలో ఎవరికీ ఆంటీ తెలిసి ఉండరు. తెనాలి దగ్గర పుట్టి, కాలేజీ రోజుల్లో అక్కడే బాస్కెట్‌బాల్ ఆడి, పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చారు. ఇక్కడి పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యారు. అంతకు చాలా ముందునుంచే సాయంత్రాలు యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి కోచ్‌గా ఉన్నారు. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఎవరైనా, ఈ వయసులో బాస్కెట్‌బాల్ ఏంటండీ అంటే, "మీరు వాకింగ్ చేస్తారు, నేను నుంచుని చూస్తాను. మీకంటే నాదే తేలిక కదండీ" అని ప్లేట్లో ఇంకో గారె వేయించుకునేవారు.

నేను ఆవిడని మొదట చూసింది, నంద్యాల నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చిన మొదటి చలికాలంలో. స్పోర్ట్స్ సెంటర్ రిసెప్షన్‌లో సాయంత్రం షిఫ్టులు చేసేదాన్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు అంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంటుంది. మధ్యాహ్నం కాఫీ తాగేలోపే చీకటి. టైన్ నది మీంచి పొగమంచు లేచి వీధుల్లోకి వచ్చి తిరిగేది. నేను కౌంటర్ వెనక కోటు విప్పకుండా కూర్చుని, నిన్నమొన్నటిదాకా నంద్యాల ఎండలో గొడుగు మరిచిపోయి తిరిగింది నేనేనా అనుకుంటూ ఉండేదాన్ని. హాల్లో బంతులు కొట్టే చప్పుడు గోడలగుండా మెత్తగా వస్తూ ఉండేది. అది వింటూ నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉండిపోయేదాన్ని.

ఒక సాయంత్రం హాలు తలుపు తెరుచుకుని బంతి ఒకటి కారిడార్లోకి దొర్లుకుంటూ వచ్చింది. మెట్లవైపు పోతోంది. ఈత ముగించుకున్న పిల్లలూ తల్లులూ తడి జుట్లతో ఎదురొస్తున్నారు. నేనేమీ ఆలోచించలేదు. కౌంటర్ దాటి, వాళ్ళ మధ్యలోంచి ఎవరికీ తగలకుండా వంగి పరిగెత్తి, స్తంభాన్ని ఒంటిచేత్తో పట్టుకుని గిరుక్కున తిరిగి, మొదటి మెట్టు దగ్గర బంతిని ఆపాను. వెనక్కి తిరిగి చూస్తే ట్రాక్‌సూట్ మీద ఊలు శాలువా, నుదుట బొట్టు ఉన్న పెద్దావిడ నా బ్యాడ్జీ మీద పేరు చదువుతున్నారు.

"ఏమ్మా, ఖోఖో ఆడావా?"

"ఆడినాను ఆంటీ. స్కూల్లో."

"ఆ స్తంభం పట్టుకు తిరగడంలోనే తెలిసిపోయింది. షిఫ్ట్ లేని రోజు షూస్ తెచ్చుకో" అన్నారు. నాకు బంతి కొట్టడం రాదని చెప్పాను. వచ్చినవాళ్ళు నా దగ్గర ఉన్నారులే అని బంతి తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ హాలు నేల మీద ఎన్ని రంగుల గీతలో. బ్యాడ్మింటన్‌వి, నెట్‌బాల్‌వి, బాస్కెట్‌బాల్‌వి, ముగ్గు మీద ముగ్గు వేసినట్టుండేవి. ఆంటీ మా గీత దాటేముందు వంగి నేల తాకి కళ్ళకద్దుకునేవారు. అమ్మాయిలందరూ అదే చేసేవారు. ఎందుకని ఒక్కరూ అడగలేదట, కోచ్ చేస్తున్నారు కనక బాస్కెట్‌బాల్‌లో అదీ ఒక భాగమనుకున్నారు. ఒకసారి బయటి ఊరి రెఫరీ ఒకాయన, మా అమ్మాయిలు వరసగా వంగి నేల తడమడం చూసి, తడిగా ఉందేమోనని ఆట మొదలుకాకుండా ఆపి మాప్ తెప్పించాడు. పొడిగా ఉన్న కోర్టుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తుడిపించాడు. ఆంటీ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని అదంతా చూశారు. తర్వాత మాతో, శుభ్రమైన చోట ఆడాం, మంచిదేగా అన్నారు.

ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. మెడలో విజిల్ ఉండేది, ఊదేవారు కాదు. రెండు చప్పట్లు కొడితే ఎక్కడివాళ్ళం అక్కడ ఆగాలి. అందరం బుట్టవైపు చూస్తుంటే ఆవిడ చూపు ఎటో మూలకి ఉండేది. ఆట చూడకుండా ఏం చూస్తారు ఆంటీ అని ఒకసారి అడిగాను. "బంతి ఉన్నవాళ్ళని లోకమంతా చూస్తుందమ్మా. బంతి లేనివాళ్ళని నేను చూస్తా" అన్నారు. ఆట అయ్యాక నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒక్కొక్కరి పిక్కలూ ఒళ్ళో పెట్టుకుని నొక్కుతూ, ఎవరు ఎక్కడ ఊరికే నిలబడిపోయారో, ఎవరు చెయ్యెత్తి అడిగినా పాస్ రాక ముఖం చిన్నబుచ్చుకున్నారో చెప్పేవారు. ఆ తర్వాత ఏం వండుకున్నారని అడిగేవారు. అందర్నీ నాన్నా అనే పిలిచేవారు, తర్వాత మగపిల్లల జట్టు నుంచి వచ్చిన, గుమ్మంలో తల వంచి రావాల్సిన టోబీని కూడా. నారింజ తొనలకి ఉప్పూ కారం అద్ది డబ్బాలో తెచ్చేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక తొన నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, అలసట అంతా అలా పోతుందని చెప్పేవారు. ఫిజియోథెరపీలో ఆ పాఠం ఎక్కడుందో నాకు తెలియదు.

నాకు డ్రిబుల్ చేతకాలేదు. బంతి నా చేతికింద నుంచి మేకపిల్లలా పారిపోయేది. ఆంటీ దాని జోలికి పోవద్దన్నారు. అవతలివాళ్ళలో ఒకమ్మాయిని చూపించి, ఆ పిల్లని వదలకుండా అంటిపెట్టుకుని ఉండు, అంతే అన్నారు. అది నాకు వచ్చు. కానీ మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చి మన మనిషి తప్పించుకుంటే, ఆమెని మనవాళ్ళలో ఇంకొకరు అందుకోవాలి. దానికి అన్ని జట్లూ 'స్విచ్' అని అరుస్తాయి. రెండు జట్లూ ఆ మాటే అరుస్తుంటే ఆ గోలలో ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియదు. ఒకరోజు నేను అలవాటు కొద్దీ పక్కనున్న హానా వీపు తట్టి 'ఖో' అనేశాను. ఆ పిల్ల ఉలిక్కిపడి ముందుకు ఉరికింది. బంతి దొరికింది. ఆంటీ రెండు చప్పట్లు కొట్టారు.

ఇక ఆ సాయంత్రమంతా బంతులు సంచీలోనే ఉన్నాయి. మమ్మల్ని ఖోఖో వరసలో కూర్చోబెట్టి, నన్ను నేర్పమన్నారు. గ్రీసు పిల్ల, నైజీరియా పిల్ల, ఈ ఊరి పిల్లలు, ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి హాలు మధ్యలో కూర్చుని, వీపు మీద చెయ్యి ఎప్పుడు పడుతుందా అని ఊపిరి బిగబట్టుకున్నారు. పై కిటికీల్లో మంచు నెమ్మదిగా రాలుతోంది. లోపల మాత్రం నాకు మా స్కూలు గ్రౌండు దుమ్ము వాసన వచ్చింది. నిజంగా వచ్చింది, తుమ్ము కూడా వచ్చింది. ఆ రోజు నుంచి మా జట్టుకి అదే మాట, అదే తట్టు. అవతలివాళ్ళకి మేమేం చేస్తున్నామో అర్థమయ్యేది కాదు.

ఇంత చేసినా మాకు మనుషులే బొటాబొటీ. మగపిల్లల జట్టుకి ఎంపికలు పెడితే వరస బయటి మెట్లదాకా ఉండేది. మాకు ఐదుగురు పోగైతే పండగ. ఒకరికి అసైన్‌మెంట్, ఇంకొకరికి పనిచేసే టేక్‌అవే హోటల్లో షిఫ్టు మారిపోయింది. ఒకసారి ఐదుగురం చేరక మ్యాచ్ వదులుకున్నాం. ఇంకొక్కసారి అలా జరిగితే అమ్మాయిల జట్టుని లీగ్‌లోంచి తీసేయాల్సి వస్తుందని, మా హాలు టైము మగపిల్లల రెండో జట్టుకి వెళ్తుందని స్పోర్ట్స్ ఆఫీసువాళ్ళు మర్యాదగానే చెప్పారు.

అప్పుడే మగపిల్లల కోచ్‌కి అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఫోన్లో మాకందరికీ అక్కడి ఫోటోలు చూపించాడు. మగవాళ్ళకో ప్రోగ్రాం, ఆడవాళ్ళకో ప్రోగ్రాం, ఎవరి కోచ్‌లు వాళ్ళకి, ఎవరి గదులు వాళ్ళకి. ఆడవాళ్ళ ఆట రోజున కూడా పైకప్పుదాకా నిండిపోయిన కుర్చీలు. ఆంటీ కళ్ళజోడు సర్దుకుని ఆ కుర్చీల ఫోటో దగ్గరే ఆగిపోయారు. మాకైతే మ్యాచ్ చూడ్డానికి వచ్చేది అంకుల్ ఒక్కరే, ఆయన కూడా రెండో సగంలో కునుకు తీసేవారు.

మగపిల్లల జట్టుని కూడా మీరే చూస్తారా అని ఆఫీసువాళ్ళు ఆంటీని అడిగారు. ఆవిడ ఒకటే షరతు పెట్టారు. రెండు జట్లూ ఒకే హాల్లో, ఒకే టైముకి, కలిసి ప్రాక్టీస్ చేయాలి. అలాగైతే అమ్మాయిల టైము తీసి ఎవరికో ఇవ్వడం కుదరదు. మగపిల్లల కెప్టెన్ టోబీకి అది మింగుడుపడలేదు, సగం కోర్టులో మేం ఏం ఆడతామని సణిగాడు. మొదటి బుధవారమే మా మీద ఆడి, 'స్విచ్', 'స్విచ్' అని అరుచుకుంటూ వాళ్ళలో వాళ్ళే గుద్దుకున్నారు. మేం చప్పుడు లేకుండా వీపులు తట్టుకుంటూ బంతి లాక్కున్నాం. తర్వాతి వారం టోబీ తనంతట తనే వచ్చి ఖోఖో వరసలో కూర్చున్నాడు. కూర్చున్నా కూడా నిలబడ్డ నా భుజందాకా వచ్చాడు.

ఆ షరతు వెనక సంగతి నాకు ఆ నెలలోనే తెలిసింది. వానలో నన్ను ఫ్లాట్ దగ్గర దింపుతూ, ఇంజిన్ ఆపకుండానే చెప్పారు. ఒంట్లో బాగోలేదట. ఆసుపత్రిలో ఇన్నేళ్ళు చేసినదాన్ని కనుక డాక్టర్లు చెప్పకుండా వదిలేసింది కూడా అర్థమవుతోంది అన్నారు. నేను ఏదో అనబోయాను.

"నా గురించి కాదమ్మా. నేను పోయాక ఈ అమ్మాయిల టీం ఉంటుందా, ఉండదా? నాకదొక్కటే బెంగ."

ఉంటుందని చెప్పాలనుంది. కానీ వచ్చే వారానికి ఐదుగురు ఉంటారో లేదో నాకే తెలియదు.

తర్వాతి మ్యాచ్ షెఫీల్డ్‌లో. రెండు జట్లకీ అదే రోజు, అదే హాల్లో ఆట. ఊరంతా ఫ్లూ. ఆంటీ ఆసుపత్రి వార్డులో ఉన్నారు. టోబీ మినీబస్ నడిపాడు. అమ్మాయిలం ఐదుగురం తేలాం, అందులో బంతి కొట్టడం రాని నేనొకదాన్ని. ఆట మొదలవ్వాలంటే ఐదుగురు ఉండాలి. మొదలయ్యాక తగ్గినా, ఒక్కరే మిగిలేదాకా ఆట సాగుతుంది. మేం గెలవడానికి పోలేదు. చివరి బజర్ మోగేదాకా కోర్టులో ఉండటానికి పోయాం.

ఆ ఆట నాకు కలలాగే గుర్తుంది. ముందు గ్రీసు పిల్ల మడమ మడతపడింది. తర్వాత హానా ఐదు ఫౌల్స్ నిండిపోయి బయటికి వెళ్ళింది. ముగ్గురం మిగిలాం, అవతల ఐదుగురు. ఆ తర్వాత చప్పుళ్ళన్నీ ఎక్కడో దూరంగా, నీళ్ళ అడుగునుంచి విన్నట్టు వినిపించాయి. ఒకరి వీపు ఒకరం తట్టుకుంటూ, ఒక మనిషిని వదిలి ఇంకో మనిషి మీదికి పోతూ, నా కాళ్ళు నాకు చెప్పకుండానే పరిగెత్తాయి. గీత అవతల మా మగపిల్లలందరూ నేల మీద కూర్చున్నారు. వాళ్ళు లోపలికి రావడానికి లేదు. మేం అటువైపు వచ్చినప్పుడల్లా అందరూ కలిసి 'ఖో' అనేవాళ్ళు, అరుపులా కాదు, పాటకి వంత పాడినట్టు మెల్లగా. ఆ మాట వినపడ్డప్పుడల్లా ఇంకొక్కసారి పరిగెత్తగలననిపించేది.

ఎంత తేడాతో ఓడామో చెప్పను, చెప్పినా నమ్మరు. బజర్ మోగగానే మేం ముగ్గురం కోర్టు మధ్యలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాం. హానా, కుంటుతున్న గ్రీసు పిల్లని పట్టుకుని వచ్చి మా మీద పడింది. షెఫీల్డ్ అమ్మాయిలు మాకేసీ, స్కోరు బోర్డుకేసీ మార్చి మార్చి చూశారు. పాపం, గెలిచింది తామేనా అని వాళ్ళకే అనుమానం వచ్చినట్టుంది.

నేను వార్డుకి ఫోన్ చేశాను. ఆంటీ స్కోరు అడగలేదు.

"చివరిదాకా ఉన్నారా?"

"ఉన్న్యాం ఆంటీ. ముగ్గురం."

వేడినీళ్ళతో స్నానాలు చేయండి, పిక్కలు నొక్కుకోండి అన్నారు. గొంతు బొంగురుపోయింది. ఆవిడ ఏడుస్తున్నారని నాకు తెలిసిన సందర్భం అదొక్కటే.

అలా ఆ ఏడాదికి జట్టు నిలిచింది. నా చదువు అయిపోయి ఈ ఊళ్ళోనే ఉద్యోగం దొరికాక కూడా, బుధవారాలు ఆంటీకి సాయంగా హాలుకి పోతూనే ఉన్నాను. ఆవిడ కొంచెం కోలుకున్నట్టే కోలుకుని, మళ్ళీ తగ్గుతూ వచ్చారు. చివరి నెలల్లో కోర్టు పక్కన కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చునేవారు. మందుల మగతకి కళ్ళు మూతలుపడేవి. నిద్రపోయారనుకుని మేం గొంతులు తగ్గిస్తే, కళ్ళు తెరవకుండానే, ఆ మూల షూస్ చప్పుడు ఆగిపోయింది, ఎవరది అని అడిగేవారు. అక్కడ నిజంగానే ఎవరో ఒకరు అలిగి నిలబడి ఉండేవారు.

ఒకసారి అమెరికా ఫోటోల మాట వస్తే నవ్వారు. అన్ని కుర్చీలు మనకెందుకమ్మా, వచ్చినవాళ్ళు మళ్ళీ వారం వస్తే చాలు అన్నారు. ఆఖరిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు సెప్టెంబర్ మొదలు. మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నారు. తోటలో అంకుల్ ఆరేసిన దుప్పట్లు గాలికి నిండి, మళ్ళీ ఖాళీ అవుతున్నాయి. ఆవిడ వాటినే చూస్తూ, ఈ ఏడు కొత్తవాళ్ళు ఎవరైనా వస్తారంటావా అని అడిగారు. ఏమో ఆంటీ అన్నాను. "ఒక్కళ్ళొచ్చినా తలుపు దగ్గర నిలబెట్టకు. ముందు లోపలికి పిలువు, పేరు తర్వాత అడుగు" అన్నారు. తర్వాత నిద్రపోయారు. నేను వెలుగు తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను. ఆవిడ లేని బుధవారం ఎలా ఉంటుందోనని భయమేసింది, ఆ ఇల్లు వదిలి రాబుద్ధి కాలేదు.

అంత్యక్రియలకి రెండు జట్లూ వచ్చాయి. అంకుల్ ఆ తెలుగు మెసేజ్ గురించి నొచ్చుకుంటుంటే హానా ఆయన చేతులు పట్టుకుని, దాన్ని తీసేయొద్దని బతిమాలింది. అది కోచ్ ఇంటి భాష, మా గ్రూపులో ఉండాల్సిందే అంది.

టర్మ్ మొదలైన మొదటి బుధవారం ఆఫీసు నుంచి సరాసరి హాలుకి పోయాను. పాత అమ్మాయిల్లో చాలామంది చదువులు ముగించుకుని వెళ్ళిపోయారు. వైద్యం చదివే హానా, ఇంకొకరిద్దరు మిగిలారు. ఐదుగురు కాకపోతే స్పోర్ట్స్ ఆఫీసువాళ్ళతో ఏమని వాదించాలో దారంతా కూడబలుక్కుంటూ నడిచాను. తలుపు తీసి, పొరపాటున వేరే హాల్లోకి వచ్చాననుకున్నాను.

లోపలంతా అమ్మాయిలు. జీన్స్‌తో వచ్చినవాళ్ళు, తలకి స్కార్ఫ్ చుట్టుకున్నవాళ్ళు, అరువు షూస్ వేసుకుని జారుతున్నవాళ్ళు. తలుపు దగ్గరే, కోట్లు కూడా విప్పకుండా గోడకి ఆనుకున్న ఇద్దరు, ఒకరిది వరంగల్ అట, ఒకరిది ఒంగోలు. వాళ్ళని ముందు లోపలికి పిలిచి, పేర్లు తర్వాత అడిగాను. కొత్త విద్యార్థులు క్లబ్బుల్లో చేరే వారమంతా హానాతోపాటు టోబీ జట్టు కూడా వానలో టేబుల్ వేసుకుని నిలబడిందని, తమ జట్టు గురించి చెప్పకముందు అమ్మాయిల జట్టు గురించి చెప్పాలని నియమం పెట్టుకుందని అప్పుడు తెలిసింది. పై చదువుకి ఇక్కడే ఉండిపోయిన టోబీ, తన వాళ్ళతో కలిసి గోడవారగా నేల మీద కూర్చుని షూ లేసులు వదులు చేసుకుంటున్నాడు. ఈరోజు మాకు చోటు దొరికేలా లేదు అన్నాడు. అది ఫిర్యాదులా లేదు.

మా టైము అయిపోయింది. హాలు మూసే పెద్దాయన వచ్చి, ఇక చాలన్నట్టు అటువైపు సగం దీపాలు ఆర్పాడు. ఎవరూ ఆగలేదు. ఇటు వెలుతురులోంచి బంతి వెనక పరుగెత్తి, అందరూ అటు చీకట్లోకి పోయారు. అక్కడ వాళ్ళు కనిపించలేదు, నేల మీద షూస్ చప్పుడూ ఊపిరులూ మాత్రం వినిపించాయి. పెద్దాయన రెండో మీట మీద చెయ్యి పెట్టి, కాసేపు చూసి, నొక్కకుండానే చెయ్యి తీసేశాడు. చీకట్లోంచి ఒకమ్మాయి వెలుతురులోకి వచ్చింది. వెనకే ఇంకో అమ్మాయి, ఆ వెనక ముగ్గురు. నాకు తెలిసిన ముఖాలు కొన్ని, తెలియనివే ఎక్కువ. ఇంకా వస్తూనే ఉన్నారు.